43 అడుగుల విద్య

జూలై 4 సెలవుల వారంలో అమెరికాలోని కొలరాడోకు దేశం నలుమూలల నుంచీ సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలు వచ్చి దిగుతారు. డెన్వర్ చుట్టుపక్కల మైదానాల్లో పొద్దున మొదలైన పోటీలు చీకటి పడ్డాక కూడా దీపాల వెలుగులో సాగుతుంటాయి. హోమ్ ప్లేటు వెనక వలకు దగ్గరగా మడతకుర్చీలు వేసుకుని, తమ కాలేజీ పేరున్న టోపీలు పెట్టుకుని కొందరు కూర్చుంటారు. చేతిలో స్టాప్‌వాచీ, పక్కన బంతి వేగం కొలిచే రాడార్ గన్, ఒళ్లో నోటుపుస్తకం. వాళ్లు కాలేజీ కోచ్‌లు. ఎవరు గెలుస్తున్నారన్నది వాళ్లకు పెద్దగా పట్టదు. రెండు, మూడో బేస్‌ల మధ్య షార్ట్‌స్టాప్ స్థానంలో నిలబడ్డ అమ్మాయి బ్యాటు చప్పుడుకు ఎంత త్వరగా కదిలింది, అవుటై వచ్చిన అమ్మాయి డగౌట్‌లో ఎలా కూర్చుంది అన్నవి రాసుకుంటారు.

ఆ నోటుపుస్తకంలో పేరు ఎక్కడానికి వెనక ఆరేడేళ్ల సాధన ఉంటుంది. అది నడిచేది ట్రావెల్ బాల్ అనే వ్యవస్థలో. బడి జట్టు ఆడేది చాలాచోట్ల వసంతకాలంలోనే. ట్రావెల్ జట్టుకు ఏడాది పొడుగునా పని. పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకుంటారు, తల్లిదండ్రులు రుసుము కడతారు, వారాంతం వస్తే కార్లలో ఊళ్లు తిరుగుతారు. 10, 12, 14, 16, 18 ఏళ్లలోపు అని విభాగాలు. పదేళ్లలోపు పిల్లలు బ్యాటర్‌కు 35 అడుగుల దూరం నుంచి, 11 అంగుళాల చుట్టుకొలత ఉన్న బంతి వేస్తారు. 12 ఏళ్ల విభాగంలో దూరం 40 అడుగులు, బంతి 12 అంగుళాలు. 14 ఏళ్ల విభాగం నుంచి కాలేజీ దాకా 43 అడుగులే.

1887లో షికాగోలో చలికాలపు కాలక్షేపంగా నాలుగు గోడల మధ్య పుట్టిన ఆట ఇది. దీన్ని ఆడపిల్లల చదువుకు దారిగా మార్చింది 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలు స్త్రీ పురుష భేదం చూపకూడదని ఆ చట్టం చెప్పింది. దాంతో కాలేజీల్లో అమ్మాయిల జట్లు, స్కాలర్‌షిప్పులు పెరిగాయి. కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ 1982 నుంచి మహిళల సాఫ్ట్‌బాల్ ఛాంపియన్‌షిప్ నడుపుతోంది.

ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైనది పిచింగ్, అంటే బ్యాటర్‌కు బంతి వేయడం. గంటకు 65 మైళ్ల వేగంతో వదిలిన బంతి బ్యాటర్‌ని చేరడానికి 0.4 సెకను చాలు. చెయ్యి భుజం చుట్టూ గుండ్రంగా తిరిగి, తుంటి పక్కనుంచి బంతి వదులుతుంది. చూసేవాళ్లకు ఆ చక్రం గొప్పగా కనిపిస్తుంది కానీ మంచి కోచ్ అక్కడ మొదలుపెట్టడు, చివరినుంచి వెనక్కి నేర్పుతాడు. మొదటి రోజుల్లో పాప వలకు నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి మణికట్టు, ముంజేయి మాత్రమే కదిపి బంతి వదులుతుంది. ముంజేయి తుంటిని రాసుకుంటూ పోవాలి. అది కుదిరాక అర్ధచక్రం, తర్వాత చెయ్యి తల పైకెత్తి ఆపిన భంగిమ, ఆఖర్న ముందుకు దూకుతూ పూర్తి చక్రం. దూకేటప్పుడు వెనక కాలి బొటనవేలు నేలను రాసుకుంటూ రావాలి. చాలామంది పిచర్ల బూటు ముందు భాగం అరిగిపోయి ఉండేది ఇందుకే.

బంతి తిరుగుడు నేర్పడానికి పాత చిట్కా ఒకటుంది. బంతి నడుం చుట్టూ నల్ల టేపు అంటిస్తారు. సరిగ్గా తిరిగితే గాలిలో ఆ టేపు ఒక్క గీతలా నిలిచి కనిపిస్తుంది, తప్పితే వంకరలు పోతుంది. పిల్ల తన తప్పు తనే చూసుకుంటుంది, కోచ్ నోరు విప్పక్కర్లేదు. బంతి పైభాగం ముందుకు దొర్లితే డ్రాప్ బాల్, ప్లేటు దగ్గర కిందికి పడిపోతుంది. వెనక్కి దొర్లితే రైజ్ బాల్. అది నిజంగా పైకి లేవదు, బ్యాటర్ కన్ను అంచనా వేసినంత కిందికి రాదు, అంతే. కానీ ఆ కాస్త తేడాకే బ్యాటు బంతి కిందనుంచి పోతుంది. పన్నెండేళ్ల పిల్లకు ఇవన్నీ ఒకేసారి నేర్పాలని తొందరపడే కోచ్‌లు ఉన్నారు. అనుభవం ఉన్నవాళ్లు ముందు ఫాస్ట్‌బాల్‌తో పాటు ఛేంజప్ నేర్పుతారు: అదే చక్రం, అదే జోరు, బంతి మాత్రం నెమ్మదిగా. వేగం వయసుతో వస్తుంది, మోసం చేసే నేర్పు మాత్రం చిన్నప్పుడే అలవాటు కావాలి.

పేరున్న అమెరికా పిచర్ లీసా ఫెర్నాండెజ్ చిన్నతనంలో బంతి వేసిన తొలి పోటీలో ఆమె జట్టు చిత్తుగా ఓడింది. అదే అమ్మాయి తర్వాత యూసీఎల్‌ఏలో చేరి 1993లో బ్యాటింగ్ సగటులో, పిచర్‌గా తక్కువ పరుగులివ్వడంలో రెండింటా దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 1996, 2000, 2004 ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన జట్లలో ఉంది. చిన్న వయసు ఫలితం చూసి పిల్ల భవిష్యత్తు తేల్చేసే కోచ్‌లు ఈ ఒక్క జీవితం గుర్తుపెట్టుకుంటే చాలు.

కాళ్లలో వేగం ఉన్న పిల్లకు ఇంకో దారి ఉంది, స్లాపింగ్. మొదటి బేస్ ఉన్నది 60 అడుగుల దూరంలో. ఎడమచేతి వాటం బ్యాటర్ దానికి ఒకటి రెండు అంగలు దగ్గరగా నిలబడుతుంది. అందుకే పుట్టు కుడిచేతి వాటం పిల్లల్ని కూడా కోచ్‌లు ఎడమవైపుకు మార్చి, పరిగెత్తడం మొదలుపెడుతూనే బంతిని షార్ట్‌స్టాప్ వైపు నేలమీద కొట్టడం నేర్పుతారు. బంతి అందుకుని విసరడానికి ఫీల్డర్‌కు మూడు సెకన్లు కూడా దొరకవు. 2004 స్వర్ణం గెలిచిన అమెరికా జట్టులో నటాషా వాట్లీ ఈ ఆటతోనే ప్రత్యర్థుల్ని పరుగులు పెట్టించింది. క్యాచర్‌కు ఇంకో లెక్క: రెండో బేస్ దాదాపు 85 అడుగులు. బంతి గ్లవ్‌లో పడ్డ క్షణం నుంచి అక్కడికి చేరడానికి రెండు సెకన్లు దాటితే కాలేజీ కోచ్ కన్ను పక్కకు పోతుంది. ఆమె సాధన చేతి బలం కన్నా పాదాల మీద ఎక్కువ నడుస్తుంది.

ఇంత చక్కని విద్యలో కోచ్‌లు తరచూ తప్పుదోవ పట్టేది ఒక చోటే. కిందినుంచి వేసే బంతి భుజానికి హాని చెయ్యదన్న నమ్మకం ఇంకా పోలేదు. కానీ భుజం మీద పడే ఒత్తిడి పైనుంచి విసిరే బేస్‌బాల్‌కు దగ్గరగానే ఉంటుందని పరిశోధనలు చూపించాయి. కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో పిచ్‌ల సంఖ్యకు పరిమితి లేదు. 2025 మహిళల కాలేజీ వరల్డ్ సిరీస్‌లో నైజరీ కెనడీ టెక్సస్ టెక్ కోసం ఆఖరి పోటీ దాకా ఒంటిచేత్తో బంతులు వేసింది. ఆ ఆఖరి పోటీలో మొదటి ఇన్నింగ్స్‌లోనే ఐదు పరుగులిచ్చి తప్పుకుంది, ప్రత్యర్థి టెక్సస్ యూనివర్సిటీ గెలిచింది. శిక్షణ పొందిన కాలేజీ క్రీడాకారిణికే అలా అయితే, ఒక్క వారాంతంలో అరడజను పోటీలాడే 14 ఏళ్ల జట్టులో ఒక్క పిచర్ మీదే భారం వేసే కోచ్ ట్రోఫీ కోసం పిల్ల భుజాన్ని తాకట్టు పెడుతున్నట్టే. జట్టుకు ముగ్గురు పిచర్లను తయారుచేసి, అందులో మూడో అమ్మాయికి ఓడిపోయే పోటీలో కూడా బంతి ఇచ్చే కోచ్ దగ్గర పిల్లలు ఎదుగుతారు.

ఇక కాలేజీ ఎంపిక సంగతి. ఒకప్పుడు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలే ఫలానా యూనివర్సిటీకి మాటిచ్చేసేవారు. ఇంకా ఎత్తు పెరగని పిల్ల, ఏం చదవాలో తెలియని పిల్ల! 2018 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ దీనికి కళ్లెం వేసింది. ఎన్‌సీఏఏ పై శ్రేణి అయిన డివిజన్ వన్ కోచ్‌లు పదకొండో తరగతి సెప్టెంబర్ 1 దాకా అమ్మాయితో ఎంపిక గురించి మాట్లాడకూడదు. ఆ తేదీ అర్ధరాత్రి దాటగానే ఫోన్లు మోగుతాయి. అమ్మాయి మాత్రం అంతకుముందే కోచ్‌కు ఉత్తరం రాసుకోవచ్చు. రెండు మూడు నిమిషాల వీడియో, రాబోయే పోటీల వేళలు, మార్కులు, తను ఆ కాలేజీ ఎందుకు కోరుకుంటుందో నాలుగు వాక్యాలు. ఈ ఉత్తరం అమ్మాయే రాయాలని మంచి ట్రావెల్ కోచ్‌లు పట్టుబడతారు. తండ్రి రాసిన ఉత్తరం కాలేజీ కోచ్ మొదటి వాక్యంలోనే పసిగడతాడు.

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనోల్లో తెలుగు కుటుంబాలు ఇప్పుడు ఈ లోకంలోకి అడుగుపెడుతున్నాయి. క్రికెట్ చూస్తూ పెరిగిన తండ్రికి బంతి నేల తాకకుండా రావడం కొత్త, ఎంసెట్ ర్యాంకు లెక్క తెలిసిన తల్లికి ర్యాంకే లేని ఈ ఎంపిక అంతుపట్టదు. ఆ ఇళ్లల్లో డివిజన్ త్రీ అంటే చిన్నచూపు కనిపిస్తుంది. అక్కడ క్రీడా స్కాలర్‌షిప్ లేదన్నది నిజమే. కానీ ఎంఐటీ సాఫ్ట్‌బాల్ జట్టు ఆడేది డివిజన్ త్రీలోనే. పొద్దున ల్యాబు, సాయంత్రం మైదానం కోరుకునే అమ్మాయికి అంతకన్నా మంచి చోటు ఏముంటుంది?

కాలేజీ దారి ఈమధ్య మరింత ఇరుకైంది. 2025–26 నుంచి ఎన్‌సీఏఏ కుదుర్చుకున్న కొత్త ఒప్పందంలో చేరిన డివిజన్ వన్ కాలేజీలు జట్టులో 25 మందినే ఉంచుకోవాలి. స్కాలర్‌షిప్పుల మీద పాత 12 పరిమితి పోయింది కానీ, జట్టులో చోట్లు తగ్గాయి. పైగా వేరే కాలేజీ నుంచి మారి వచ్చే అనుభవజ్ఞురాలు ఉండగా పదిహేడేళ్ల కొత్తపిల్లను తీసుకోవడానికి కోచ్‌లు వెనకాడుతున్నారు. ట్రావెల్ కోచ్ అసలు పని ఇప్పుడే బయటపడుతుంది. పదో తరగతిలోనే తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి, అమ్మాయి పరుగు ఇంత, విసురు ఇంత, మార్కులు ఇవి, సరిపోయే కాలేజీలు ఇవని ఉన్నదున్నట్టు చెప్పాలి. డివిజన్ వన్‌కు కావలసిన 16 ప్రధాన పాఠ్యాంశాల్లో పది, పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తవ్వాలని గుర్తుచెయ్యాలి. సెప్టెంబర్ 1న ఫోన్ మోగని అమ్మాయి కోసం డివిజన్ టూ, చిన్న కాలేజీల సంఘం ఎన్‌ఏఐఏ, రెండేళ్ల జూనియర్ కాలేజీల కోచ్‌లకు తనే ఫోన్ చెయ్యాలి. పన్నెండో తరగతి వసంతంలో కూడా ఆ జట్లలో ఖాళీలు వస్తుంటాయి. ఒక క్యాచర్ గాయపడితే, ఒక పిచర్ చదువు మానేస్తే, మర్నాడే ఆ కోచ్‌కు ఇంకొకరు కావాలి. అప్పుడు ఆయన ముందుగా ఫోన్ చేసేది, ఇంతకుముందు తన పిల్లల గురించి అతిగా పొగడకుండా నిజం చెప్పిన ట్రావెల్ కోచ్‌కే.