అయస్కాంతం పట్టిన చెయ్యి

పాత అమెరికన్ కార్ల బేరంలో ఆరితేరినవాడు పెయింటు మెరుపు చూసి మురిసిపోడు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి తలుపుల అడుగున, వెనక చక్రాల పైన ఆనిస్తూ పోతాడు. అంటుకోలేదంటే అక్కడ తుప్పు తిన్న రేకుకు పుట్టీ నింపారని అనుమానం. (కార్వెట్ దగ్గర ఈ విద్య పారదు. 1953లో పుట్టినప్పటి నుంచీ దాని ఒళ్లు ఫైబర్‌గ్లాసే!)

నాకు ముచ్చటేసేది మాత్రం అంకెలు చదివే పనితనం. పాంటియాక్ జీటీఓనే తీసుకోండి. 1964, 1965లలో అది విడిగా ఒక మోడల్ కాదు, టెంపెస్ట్ శ్రేణి కార్ల మీద అదనంగా డబ్బు కట్టి తీసుకునే ప్యాకేజీ. ఫ్యాక్టరీ కొట్టిన కారు గుర్తింపు నంబరు చూస్తే ఆ సంగతి తెలియదు. అదే శ్రేణిలోని మామూలు లెమాన్స్‌కు బ్యాడ్జీలు తగిలించి జీటీఓగా అమ్మజూపే ఘనులకు అదే అవకాశం. నిపుణుడు ఫ్యాక్టరీ రికార్డు అడుగుతాడు, ఇంజన్ దిమ్మ మీద కొట్టిన కోడ్ జిడ్డు తుడిచి మరీ చదువుతాడు. 1966 కారైతే కొంత నయం, నంబరు 242తో మొదలవ్వాలి.

విడిభాగాలకు పెన్సిల్వేనియాలోని హెర్షీ సంత ఉంది. చాక్లెట్ల ఊరే. ఏటా అక్టోబరులో పాత కార్బురేటర్లు, హబ్‌క్యాప్‌లు బల్లల మీద పరుచుకుంటాయి. లోపం తానే ముందు చూపించి, ఆ తర్వాత ధర చెప్పే అమ్మకందారు అక్కడ దొరికితే, ఆయనతో మరీ గీచి బేరమాడకండి.