దూరపు యంత్రాల ట్రేస్: ఒక పరిశీలన

లైనక్స్‌లోని ఎల్‌టీటీఎన్‌జీ, ప్రోగ్రాం ఏ క్షణాన ఏం చేసిందో నమోదు చేస్తుంది. దాని రిలే డెమన్ ఆ నమోదును నెట్‌వర్క్ మీదుగా, మామూలుగా 5342, 5343 పోర్టులలో అందుకుంటుంది. జనగామలో కూర్చొని మహబూబాబాద్‌లోని యంత్రాన్ని చదవవచ్చు, సౌకర్యమే.

భూపాలపల్లి అటవీ గ్రామంలోని రేషన్ దుకాణపు ఈ-పాస్ యంత్రాన్ని ఇలా పరిశీలిస్తున్నామనుకోండి. సిగ్నల్ తగ్గితే పంపాల్సిన నమోదు పేరుకొని బఫర్ నిండుతుంది. సాధారణ అమరికలో పాత ఘటనలు నిలుస్తాయి, కొత్తవి జారిపోతాయి. వేలిముద్ర ఎందుకు సరిపోలలేదో, ముసలామె బియ్యం లేకుండా ఎందుకు వెనుదిరిగిందో చెప్పగలిగినవి అవే. ఎన్ని పోయాయో ఈ పరికరం లెక్క చెబుతుంది, అది దాని నిజాయితీ. ఆ లెక్క చూడకుండా "యంత్రంలో లోపం లేదు" అని రాసిన నివేదికను మీరు ఒప్పుకోవద్దు. ఇలాంటిచోట పాతవాటిని చెరిపే బఫర్ పెట్టి, సిగ్నల్ వచ్చాక స్నాప్‌షాట్ పంపడమే మేలు. ఉదయపు ఘటనలు మాత్రం దక్కవు.