‘ఘాజీ’ చలనచిత్రం: నౌకాయుద్ధ కథనంలో తీరవాసి స్థానం

సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో 2017 ఫిబ్రవరిలో విడుదలైన ‘ఘాజీ’ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. నౌకాయుద్ధాన్ని ప్రధాన వస్తువుగా స్వీకరించిన తెలుగు కథనాలు అరుదు కనుక ఈ చిత్రం పరిశోధకుల దృష్టికి అర్హమైనదే. అయితే దీనిని యుద్ధచరిత్రకు దృశ్యరూపంగా గ్రహించే ధోరణిని ప్రశ్నించవలసి ఉంది.

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటిన వేళ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 93 మందితో సహా విశాఖపట్నం రేవు వెలుపల మునిగిపోయింది. చిత్రంలో దానిని ముంచినది ఎస్-21 అనే భారత జలాంతర్గామి. భారత నౌకాదళ కథనం వేరు. డెప్త్ ఛార్జీలు విడిచినది రాజ్‌పుత్, సేవాకాలం ముగియవచ్చిన పాత యుద్ధనౌక. ఘాజీ వేటాడవచ్చిన విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు తరలిపోయింది. అది విశాఖ సమీపంలోనే ఉన్నదని నమ్మించడానికి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ రాజ్‌పుత్ చేత వైర్‌లెస్ సందేశాలు పంపించారు. పెద్ద ఓడకు సరిపడే తిండి సరుకులను రేవులో పురమాయించారు. పాకిస్తాన్ పక్షం మాత్రం తమ మైన్లనో, లోపలి పేలుడునో కారణంగా చూపుతుంది. ఈ సందిగ్ధతే ఈ ఘటనలోని అసలైన కథావస్తువు. చిత్రం దానిని వదులుకొని నిస్సందేహమైన విజయాన్ని ఎంచుకొన్నది.

శిల్పపరంగా తొలిభాగం బలమైనది. ఇరుకు గదులు, సోనార్ ధ్వని, నిశ్శబ్దమే ప్రాణరక్షణ అయిన స్థితి ఉత్కంఠను పోషించాయి. శత్రువును రెచ్చగొట్టడానికి సిబ్బంది జాతీయగీతం ఆలపించే ఘట్టం ఆ నిశ్శబ్దాన్ని దేశభక్తి ఆవేశానికి బలి ఇచ్చింది. ప్రేక్షకుడు చప్పట్లు కొట్టవచ్చు. కథాతర్కం మాత్రం అక్కడ నీరుగారింది.

ఘాజీ మునకకు తొలి భౌతిక సాక్ష్యాలు అందించినవారిలో స్థానిక మత్స్యకారులున్నారు. నీటిపై తేలిన లైఫ్ జాకెట్, శకలాలు వారి కంటపడ్డాయి. సరుకుల పురమాయింపు వదంతిగా ఊరంతా పాకడంలో రేవు వర్తకుల పాత్ర ఉన్నది. తెలుగు నేలకు ఈ యుద్ధంతో గల సజీవ సంబంధం వీరే. కథ జలాంతర్గామి లోపల బందీ కావడంతో వీరిలో ఒక్కరూ పాత్రగా రూపుదాల్చలేదు. విశాఖ ఈ చిత్రంలో ఊరు కాదు, రక్షింపవలసిన లక్ష్యం మాత్రమే.

ఈ లోపం ‘ఘాజీ’ ఒక్కదానిది కాదు. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం 17వ శతాబ్దిలో పేరుమోసిన ఓడల నిర్మాణ కేంద్రం. పొరుగున మాధవాయపాలెంలో ఆంగ్లేయులు, పాలకొల్లులో డచ్చివారు వర్తకస్థానాలు నెలకొల్పారు. థామస్ బౌరీ వంటి విదేశీ నావికుడు ఈ తీరపు ఓడల పనిని తన రచనలో నమోదు చేశాడు. ఆ ఓడలకు దూలాలు చెక్కిన వడ్రంగి, కీలు పూసిన కూలి, సరంగు తెలుగు కథలో నేటికీ అపరిచితులే. నౌకాసేవ అనగానే అధికారి యూనిఫారమే కళ్ళ ముందు మెదలే అలవాటు అక్కడినుండే వచ్చినది. సంకల్ప్ రెడ్డి దానిని సృష్టించలేదు, అనుసరించాడు. లైఫ్ జాకెట్‌ను పడవలోకి లాగిన జాలరి ఆ క్షణాన ఏమనుకొన్నాడో చెప్పగల తెలుగు కథ కోసం విమర్శకుడు ఇంకా ఎదురుచూడవలసియే ఉన్నది.