హౌసింగ్‌లో వాగు

మా బొలెరో వెనక ఇరుసు మధ్యలో పళ్ల చక్రాలుండే హౌసింగ్‌కు రెండు బోల్టులు ఉంటాయి. ఒకటి అడుగున, ఆయిల్ దించడానికి. ఇంకోటి కాస్త ఎత్తులో, పోయడానికి. ముందు విప్పాల్సింది పైదాన్ని. కింది బోల్టు తీసి ఆయిలంతా దించేశాక పైది తుప్పుపట్టి తిరగనంటే బండి ఉన్నచోటే ఉండిపోతుంది. ఈ వరస నాకు మా నాయన నేర్పాడు. ఉట్నూరు, జైనూరు మధ్య కమాండర్ జీపు సర్వీసు నడిపిన మనిషి. "పోసే తొవ్వ తెరిచినంకనే పారబోసే తొవ్వ తెరువాలె బిడ్డా" అనేవాడు.

పోయిన ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున ఆ పై బోల్టు విప్పాను. బండికి ఏ జబ్బూ లేదు. చప్పుడు లేదు, ఎక్కడా కారడం లేదు, నెల కిందటే సర్వీసింగ్ కూడా అయింది. కన్నంలో వేలు పెట్టి వంచి బయటికి తీస్తే, తేనె రంగులో ఉండాల్సిన ఆయిల్ చిలికిన మజ్జిగలా తెల్లగా, నురగ నురగగా వేలికి అంటుకుంది. హౌసింగ్‌లోకి నీళ్లు పోయాయి.

ఎప్పుడు పోయాయో వెంటనే తట్టింది. మూడు వారాల కింద ఉట్నూరులో అక్క వాళ్లింటికి వెళ్లి వస్తూ ఒక లోలెవెల్ వంతెన మీద వాగు దాటాను. ఉధృతంగా పారే వాగులోకి బండి దింపేవాణ్ని కాదు. ఆ రోజు వాగు తగ్గింది, ఊరివాళ్లు మోకాలిలోతు నీళ్లలో నడిచి అవతలికి పోతున్నారు. చక్రాల మధ్యదాకా మునిగి, రెండు నిమిషాల్లో గట్టెక్కాం. పిల్లలు కేరింతలు కొట్టారు. అంతటితో ఆ సంగతి మరిచిపోయాను.

ఆ రెండు నిమిషాల్లో జరిగింది ఇది. గంటల తరబడి నడిచిన హౌసింగ్ బాగా కాగి ఉంటుంది. లోపలి గాలీ వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆ గాలి ఆడడానికి పైన వేలెడంత బ్రీదర్ ఒకటి పెడతారు. కాగిన ఇనుము ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, బయట ఏది ఉంటే దాన్ని లోపలికి లాక్కుంటుంది. వాగులో ఉన్నప్పుడు బయట ఉండేది నీళ్లే. బ్రీదర్ నుంచో, అరిగిన ఆయిల్ సీలు నుంచో దూరతాయి. పళ్ల చక్రాలు తిరుగుతుంటే ఆ నీళ్లూ ఆయిలూ కలిసి చిలుకుడు పడతాయి. ఆ మజ్జిగకు పళ్ల మధ్య పొరలా నిలిచే బలం ఉండదు. బేరింగులు తుప్పు పడతాయి, తర్వాత క్రౌను, పినియన్ అరుగుతాయి. బండి మూలగడం ఆ తర్వాతి మాట. అది మూలిగేనాటికి లోపల మిగిలేది కొద్దే.

సర్వీసింగ్ చేసినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాగు దాటింది సర్వీసింగ్ అయ్యాక కదా. కరీంనగర్‌లో నాకు తెలిసిన పెద్దమేస్త్రి ఒకాయనకు ఈ సంగతి చెబితే ఆయనన్నాడు: "సార్, మీరు యాడ నొస్తుందంటే ఆడ చూస్తం. హౌసింగ్ చూడుమని ఎవలంటరు? చప్పుడొచ్చినంకనే అంటరు." సొంత బండికి సొంతంగా పని చేసుకోవడం గురించి నేను విన్న మాటల్లో నాకు బాగా పనికొచ్చింది ఇదే. మేస్త్రికి మనం చెప్పేది నొప్పి ఉన్న చోటే. నొప్పి లేని చోట బోల్టు విప్పి చూసే తీరిక, అవసరం మనకే ఉంటాయి. కూలి డబ్బులు మిగలడం ఉంది, అది చిన్న లాభం. నేను పానా పట్టుకునేది ఆ చూపు కోసం.

ఈ పని మన చేతికి అందేలా ఉండటానికి ఈ బండ్ల కట్టుబడే కారణం. 1994లో వచ్చిన టాటా సుమో, 2000లో వచ్చిన బొలెరో, 2002 నాటి స్కార్పియో, మూడూ నిచ్చెనలాంటి ఇనుప ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన బండ్లే. టాటా వాళ్ల టెల్కో కంపెనీని తీర్చిదిద్దిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోంచి పుట్టింది సుమో. బొలెరో వంశం మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించిన రోజుల దాకా పోతుంది. బొలెరోకు వెనక కమాన్ పట్టీలు, గట్టి హౌసింగ్, నేలకు తగినంత ఎత్తు. జాకీ లేకుండానే వెల్లకిలా పడుకుని చేయి చాపితే బోల్టు అందుతుంది. జాకీ పెట్టకూడదు కూడా. నాలుగు చక్రాలూ చదును నేల మీద ఉంటేనే ఆయిల్ మట్టం సరిగ్గా తెలుస్తుంది.

ఆ తెల్లటి ఆయిల్‌ను పాత డబ్బాలోకి దించాను. మా బోరు పక్కనే ఉంటుంది కాబట్టి చుక్క కూడా నేల మీద పడనివ్వను. పాత ఆయిల్ కొనుక్కునే దుకాణానికి ఇచ్చేస్తాను. కొత్త 90 గ్రేడు గేర్ ఆయిల్ పోసి, నాలుగు కిలోమీటర్లు మెల్లగా తిప్పి తెచ్చి, అదీ దించేశాను. రెండోసారి దిగింది కూడా కాస్త మబ్బుగానే ఉంది. మూడోసారి పోసింది నిలిచింది. ఆ ఆయిల్‌లో గంధకం మందు కలుపుతారు, ఆ వాసన రెండు సబ్బులకు కూడా పోదు. కింది బోల్టుకు అయస్కాంతం ఉంటుంది, దానికి పట్టినదాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాను. బూడిదరంగు మెత్తటి పేస్టు అంటింది. ఆ మాత్రం అరుగుదల ప్రతి బండికీ ఉంటుంది. గోరుకు తగిలే ఇనుప రేకు ముక్క ఒక్కటి కనిపించినా ఆ పని మేస్త్రికి అప్పజెప్పేవాణ్ని. ఆఖర్న బ్రీదర్ తీసి కడిగాను. దాని నోరు నల్లరేగడి మట్టితో పూర్తిగా మూసుకుపోయింది. మా నాయన జీపుకు బ్రీదర్ నుంచి రబ్బరు పైపు ఒకటి బాడీ పైదాకా పోయేది. అదెందుకో చిన్నప్పుడు అడగలేదు. ఇప్పుడు మా బండికీ అలాంటిదే వేశాను.

నీళ్లు చప్పుడు లేకుండా దూరే చోట్లు ఇంకా రెండున్నాయి. ఒకటి డీజిల్ ఫిల్టర్. నీళ్లు డీజిల్ కన్నా బరువు కాబట్టి ఫిల్టర్ అడుగుకు దిగుతాయి, అక్కడే చిన్న మర ఉంటుంది. వానాకాలంలో నెలకోసారి దాన్ని రెండు చుట్లు వదులు చేసి కొంత డీజిల్‌ను గాజు సీసాలో పట్టి రాత్రంతా కిటికీలో పెడతాను. పొద్దున్నే సీసా అడుగున గీత గీసినట్టు నీళ్లు విడిగా కనిపిస్తే, మర్నాడు మళ్లీ పడతాను. తర్వాత చేతి ప్రైమర్ గట్టిపడే దాకా నొక్కి లోపలి గాలి తీయాలి. లేకపోతే ఎయిర్‌లాక్ పట్టి బండి స్టార్టవదు. పాత జీపుకైతే మా నాయన ఇంజెక్టర్ పైపుల నట్లు వదులు చేసి గాలి తీసేవాడు. కామన్‌రైల్ ఇంజన్‌లో ఆ పైపుల జోలికి నేను పోను. అక్కడ డీజిల్ 1600 బార్ దాకా ఒత్తిడితో పరుగెత్తుతుంది, సన్నటి ధార తగిలినా చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది.

రెండోది బ్రేక్ ఆయిల్. అది తనంతట తానే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వాగు దాటకపోయినా, బండి షెడ్డులో ఉన్నా పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీళ్లు చేరితే ఆ ప్రమాణం 155కు దిగిపోతుంది. చదును రోడ్డు మీద ఈ తేడా తెలియదు. కెరమెరి ఘాట్‌లో నిండు బండితో బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే తెలుస్తుంది. డ్రమ్ములు, డిస్కులు కాగి, గొట్టంలో ఆయిల్ మరిగి బుడగలైతే పెడల్ మెత్తగా నేలకు అంటుకుపోతుంది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. ఆ దారిన పోయినప్పుడల్లా ఆ రోజు గుర్తొస్తుంది. ఏ ఘాటైనా పైనే రెండో గేరు వేసుకుని దిగుతాను, రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్పిస్తాను. మార్చేది నేను కాదు. డబ్బాలో రంగు, మట్టం చూడటం వరకే నా పని. బ్రేకు గొట్టాలు విప్పి గాలి తీసే పని రోజూ అదే చేసే చేతులకు ఇస్తాను. బండిలో అక్క పిల్లలుంటారు.

ఇలాగే ఇంకొన్ని హద్దులు పెట్టుకున్నాను. జాకీ మీద నిలబడిన బండి కింద తల పెట్టను. చక్రం విప్పితే ఛాసిస్ కింద స్టాండు, దాని పక్కన విప్పిన చక్రం పడుకోబెట్టి, మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్లు వేశాకే చేయి పెడతాను. మా నాయన దగ్గర పని నేర్చుకున్న ఒకాయనకు ఎడమ చేతి రెండు వేళ్లు లేవు. ఆయన ఈ మాట నాకు నోటితో ఎప్పుడూ చెప్పలేదు.

పత్తి సీజన్‌లో ఆదిలాబాద్ వైపు తిరిగితే రేడియేటర్ రేకుల మధ్య దూదిపింజలు ఇరుక్కుంటాయి. మెత్తటి బ్రష్షుతో తీయాలి, రేకులు వంగకూడదు. గోదావరిఖని వైపు తిరిగితే బొగ్గు దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ నల్లబడుతుంది. ఇవి కంటికి కనపడేవి, పిల్లలకైనా చెప్పొచ్చు.

పిల్లలంటే గుర్తొచ్చింది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు పోదామని మా చిన్నమ్మాయి నెల ముందునుంచే అడుగుతూ వచ్చింది. దారి రాయపట్నం వంతెన దాటి జన్నారం మీదుగా అడవిలోంచే. బయల్దేరే ముందు ఆదివారం మళ్లీ హౌసింగ్ కిందికి దూరాను. పానా అందించడానికి వచ్చిన పిల్ల తానూ చాప మీద పక్కన పడుకుంది. బోల్టు తీశాను. నా వేలు ఆ కన్నంలో వంగడానికి ఇబ్బంది పడుతుంటే, "నేను పెడ్తా నాయ్నా" అని తన చిటికెన వేలు పెట్టింది. "తగుల్తుంది. అంచు కాడికే ఉంది" అంది. వేలు బయటికి తీసి వెలుతురుకు పట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది. ఆయిల్ తేనె రంగులో ఉంది.