సై తీసేసిన వైరస్

జన్యు చికిత్స కథను 1990 సెప్టెంబర్ 14తో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ రోజు అమెరికాలోని బెథెస్డాలో ఫ్రెంచ్ ఆండర్సన్, మైకేల్ బ్లేజ్, కెనెత్ కల్వర్‌ల బృందం ఓ నాలుగేళ్ల పాపకు తన సొంత రక్తకణాల్నే మరమ్మతు చేసి తిరిగి ఎక్కించింది. పాపకు పుట్టుకతోనే ఏడీఏ అనే ఎంజైమ్ లేదు, దాంతో రోగనిరోధక శక్తీ లేదు. ఫొటోలన్నీ ఆ రోజువే. నాకు మాత్రం ఇంకో ఏడేళ్లు వెనక్కి వెళ్లి, ఎంఐటీలో ఒక ప్రయోగశాల బల్ల దగ్గర నిలబడాలనిపిస్తుంది. అసలు పనితనం అక్కడుంది.

కణంలోకి చొరబడి, తన జన్యువుల్ని మన క్రోమోజోములో కుట్టేయడం రెట్రోవైరస్‌కు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్య కావాలి, వైరస్ మాత్రం వద్దు. దాని జన్యువులు తీసేసి మనకు కావలసింది పెడితే సరిపోతుందా? సరిపోదు. పై తొడుగు తయారుచేసే జన్యువులూ పోతాయి. తోడుగా మామూలు వైరస్‌ను పెడితే, చివరికి మందులో అదీ కలిసి వస్తుంది.

1983లో రిచర్డ్ మాన్, రిచర్డ్ మల్లిగన్, డేవిడ్ బాల్టిమోర్ ఈ చిక్కును ఒక్క కోతతో విప్పారు. ఎలుకల్లో ల్యుకేమియా తెచ్చే వైరస్‌లో ఎనిమిది వేల పైచిలుకు అక్షరాలుంటాయి. వాటిలో సుమారు 350 తీసేశారు. ఆ తునక పేరు సై. మనకు సై అంటే ‘సిద్ధం’ అని కదా, దాని పనీ దాదాపు అదే. సై ఉన్న ఆర్‌ఎన్‌ఏకే తొడుగులోకి ప్రవేశం, ఫ్యాక్టరీ గేటు పాసులాగా. సై పోయిన వైరస్ కణంలో కూర్చుని తొడుగులు చేస్తూనే ఉంటుంది, తను మాత్రం బయటికి రాలేదు. మనం పంపే జన్యువుకు సై ఉంటుంది, తొడుగు చేసే శక్తి ఉండదు. పని ఒకరిది, ప్రయాణం ఇంకొకరిది.

అయితే ఈ రెండు ఆర్‌ఎన్‌ఏలు ఎప్పుడైనా అతుక్కుంటే సై తిరిగొచ్చేస్తుంది. అందుకే 1986లో సియాటిల్‌లో డస్టీ మిల్లర్ తొడుగులు చేసే వైరస్ కొసల దగ్గర మరికొన్ని కోతలు పెట్టి పీఏ317 అనే కణజాతిని తయారుచేశాడు. బెథెస్డా పాపకు వాడిన ఎల్‌ఏఎస్‌ఎన్ వెక్టర్‌ను, అంటే జన్యువును కణంలోకి చేర్చే వాహనాన్ని, మోసింది ఈ తరహా తొడుగే. దాని పేరు చదివితే నిర్మాణం తెలిసిపోతుంది: ‘ఎల్’ వైరస్ కొసల్లో జన్యువుల్ని మేల్కొలిపే స్విచ్ ఉన్న ఎల్‌టీఆర్ ముక్క, ‘ఏ’ ఏడీఏ జన్యువు, ‘ఎస్’ ఎస్‌వీ40 నుంచి తెచ్చిన స్విచ్, ‘ఎన్’ గుర్తు కోసం పెట్టిన నియో జన్యువు. ఒక్క అక్షరమూ అలంకారానికి పెట్టింది కాదు. సుమారు రెండేళ్లపాటు విడతలవారీగా కణాలు ఎక్కించారు. ఆ పాప రోగనిరోధక కణాలైన టీ కణాల్లో సగం దాకా కొత్త జన్యువు నిలిచింది. ఎంజైమ్ ఇంజెక్షన్లు మాత్రం ఆపలేదు కనుక, ఆరోగ్యంలో జన్యువు వాటా ఎంతో విడదీసి చెప్పడం కుదరదు.

లోపం ఆ ‘ఎల్’లోనే ఉంది. ఎల్‌టీఆర్ తన జన్యువునే కాదు, పక్కింటి జన్యువునూ నిద్రలేపగలదు. పారిస్‌లో అలాన్ ఫిషర్, మరీనా కవజ్జానా బృందం రోగనిరోధక శక్తి లేకుండా పుట్టే ఇంకో తరహా జబ్బుకు 1999లో మొదలుపెట్టిన చికిత్స చాలామంది పిల్లలకు ఆ శక్తిని తెచ్చింది. కానీ తర్వాత వాళ్లలో నలుగురికి ల్యుకేమియా వచ్చింది, ఒకరు చనిపోయారు. ఎల్‌ఎంఓ2 అనే జన్యువు పక్కన వెక్టర్ కుట్టుకోవడం ఇందులో ప్రధాన కారణం.

విచిత్రమేమిటంటే, దీనికి మందు అప్పటికే బల్ల మీద ఉంది. ఈ వైరస్ ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏగా మారేటప్పుడు తోకలోని ఒక ముక్కను తలకూ నకలు తీసుకుంటుంది. ఎలీ గిల్బోవా బృందం 1986లోనే దీన్ని ఆసరా చేసుకుని, తోకలోని ఎల్‌టీఆర్ స్విచ్‌ను కత్తిరించింది. కణంలోకి వెళ్లాక తలలోని స్విచ్ కూడా దానంతటదే మాయం! తయారీ వేళ పనిచేసి, చేరవలసిన చోటికి చేరాక నోరు మూసుకునే వెక్టర్. ఇంత పొదుపైన ఎత్తుగడ నేను మరోటి చూడలేదు.

పారిస్ పిల్లలకున్న అదే జబ్బుకు ఆ పద్ధతి వెక్టర్‌తో యూరప్, అమెరికాల్లో తొమ్మిదిమంది పిల్లలకు చేసిన చికిత్స ఫలితాలు 2014లో వచ్చాయి. ఒక బాబు, కణాలు కోలుకునేలోపే, ముందునుంచీ ఉన్న ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయాడు. మిగతా ఎనిమిదిమందిలో ఎవరికీ అప్పటికి ల్యుకేమియా రాలేదు.