ఎడమవైపు సీటు

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పొద్దున పూట లోడు కోసం వరసకట్టిన లారీల క్యాబిన్లలోకి ఒకసారి తొంగిచూడండి. కుడివైపు డ్రైవర్ ఉంటాడు. ఎడమవైపు సీటులో నీళ్ల బాటిల్, టిఫిన్ డబ్బా, మడతపెట్టిన లుంగీ ఉంటాయి. మనిషి కనిపించడు. ఒకప్పుడు అక్కడ క్లీనర్ కూర్చునేవాడు. స్టీరింగ్ పట్టకముందు నేను కూర్చున్నదీ ఆ సీటులోనే. నాతోపాటు రోడ్డెక్కిన డ్రైవర్లు దాదాపు అందరూ అక్కడి నుంచి వచ్చినవాళ్లే. లారీ నేర్పే బడి మాకు అదే. ఇప్పుడు ఆ బడి మూతపడింది. ఈ లైనులోకి కొత్తగా వస్తున్న పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు అదే దిగులు.

బండి నడపడం మానేశాక చిన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు చూసుకుంటున్నాను. పని అడుగుతూ కుర్రాళ్లు వస్తుంటారు. మల్లాపూర్, చిలకానగర్, రామంతాపూర్ పిల్లలే ఎక్కువ. కొందరు టాటా ఏస్ నడిపినవాళ్లు, కొందరు డీసీఎం నడిపినవాళ్లు. "అన్నా, హెవీ లైసెన్స్ వచ్చింది. ట్రైలర్ మీద పెట్టుకుంటవా?" అని అడుగుతారు. "ఎవరి దగ్గరన్న క్లీనర్‌గా చేసినవా తమ్మీ?" అంటే నవ్వుతారు. "గిప్పుడు క్లీనర్లు యాడున్నరన్నా?" వాళ్లు అనేది నిజమే.

చట్టం ప్రకారం చూస్తే ఆ పిల్లల్లో ఏ లోపమూ లేదు. 1988 మోటారు వాహనాల చట్టం కింద 18 ఏళ్లకు కారు లైసెన్స్ వస్తుంది. అది ఏడాది పాటు చేతిలో ఉండి, 20 ఏళ్లు నిండితే రవాణా బండి లైసెన్స్‌కు పెట్టుకోవచ్చు. డాక్టర్ పరీక్షించి సంతకం చేసిన ఫారం 1ఎ జతచెయ్యాలి. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న షరతును 2019లో ఎత్తేశారు. అది మంచి పని. చదువు ఆగిపోయినంత మాత్రాన చేతిలో పనితనం ఉండదనడం అన్యాయం. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని కారు లైసెన్స్‌తోనే నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చింది. ఏస్‌లూ చిన్న డీసీఎంలూ నడుపుకొనేవాళ్లకు అది పెద్ద ఊరట. ప్రమాదం జరిగినప్పుడల్లా ఈ లైసెన్స్ చెల్లదంటూ బీమా కంపెనీలు పెట్టే పేచీకి దాంతో తెరపడింది.

కాబట్టి దారి తెరిచే ఉంది. ఏస్‌తో మొదలుపెట్టి, డీసీఎం ఎక్కి, ఆరు టైర్ల లారీ, పది టైర్లు, పన్నెండు టైర్లు, ఆపైన ట్రైలర్. లైసెన్స్ పరీక్ష అనగానే ఈ వైపు వాళ్లకు గుర్తొచ్చేది నాగోల్ ట్రాక్. ఎనిమిది తిప్పాలి, హెచ్ తిప్పాలి, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా కదిలించాలి. అవన్నీ అవసరమే. అయితే అక్కడ నడిపేది ఖాళీ బండిని. ఆ తర్వాత బతుకంతా నడపాల్సింది లోడు బండిని.

లోడు బండి సంగతి సరుకు మీద కప్పే పట్టా దగ్గర మొదలవుతుంది. లారీ మీద పట్టా కప్పడం చూడ్డానికి మోటు పని, కానీ దానికో పద్ధతి ఉంది. రెండు పట్టాలు వేసేటప్పుడు ముందు వెనకది పరిచి, తర్వాత ముందుది దాని అంచు మీదికి వచ్చేలా వెయ్యాలి. తిరగేసి వేస్తే ఎదురుగాలి అతుకులోకి దూరుతుంది. వానొస్తే నీళ్లూ అక్కడి నుంచే దిగుతాయి. తాడును కొక్కెం నుంచి కొక్కేనికి అడ్డంగా లాగి, మధ్యలో చిన్న ఉచ్చు వేసి, కొసను అందులోంచి తీసి, టైరుకు కాలు తన్నిపెట్టి ఒళ్లంతా వెనక్కి వాల్చి బిగించాలి. ఒట్టి చేతి బలంతో బిగిస్తే నిలవదు. అంత గట్టిగా కట్టినా నాచారంలో బిగించిన తాడు ఘట్‌కేసర్ చేరేసరికి వదులవుతుంది. బండి ఊగుడుకు లోపల బస్తాలు అణుగుతాయి, తాడు సడలుతుంది. నాకు పని నేర్పిన డ్రైవర్, మా ఉస్తాద్, వరంగల్ రోడ్డులో కొంత దూరం పోగానే బండి పక్కకు తీసి, "దిగి చూడు" అనేవాడు. నేను చుట్టూ తిరిగి ప్రతి తాడునూ వేలితో నొక్కి చూసి, వదులైన చోట మళ్లీ బిగించాకే బండి కదిలేది.

తర్వాత టైర్లు. వెనక ఇరుసుకు జంట టైర్లుంటాయి. లోపలి టైరులో గాలి పోతే బయటి నుంచి కంటికి తెలియదు. బరువంతా బయటి టైరు మీద పడి అది వేడెక్కి పేలుతుంది. అందుకే ఆగిన చోటల్లా ఇనప రాడ్డు పట్టుకుని ఒక్కో టైరునూ కొట్టి వినాలి. గాలి ఉన్నది ఠంగుమంటుంది, రాడ్డు చేతిలో ఎగురుతుంది. గాలి పోయినది దబ్బుమంటుంది, దెబ్బ అక్కడే చచ్చిపోతుంది. పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేసేముందు ఎయిర్ ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదలాలి. ఇనుము లోడైతే చువ్వలు క్యాబిన్ వెనక రేకుకు ఆనుకున్నాయో లేదో చూడాలి. ఖాళీ వదిలితే ఒక్క గట్టి బ్రేకుకు అవి ముందుకు దూసుకొస్తాయి. కాటా చీటీలో మొత్తం బరువు సరిపోయినా, సరుకంతా వెనకే పేరిస్తే స్టీరింగ్ తేలికై బండి మాట వినదు.

ఘాట్ గురించి ఒక్క మాటే చెప్తాను. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. నిర్మల్ ఘాట్‌లో లోడుతో దిగుతూ బ్రేకు మీద కాలు అదిమిపెట్టి ఉంచితే డ్రమ్ములు కాగిపోతాయి, మాడు వాసన వస్తుంది, ఆ తర్వాత ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. 2018 జులైలో పది టైర్ల లారీకి అనుమతించే మొత్తం బరువును 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. అంటే దిగువకు తోసే బరువూ అంత పెరిగింది. ఈ సూత్రం ఎవరైనా నోటితో చెప్పగలరు. పక్క సీటులో కూర్చుని ఇంజిన్ మోత ఎక్కడ మారిందో, ఉస్తాద్ కాలు ఎప్పుడు కదిలిందో చూసినవాడికే అది ఒంటబడుతుంది.

తాడు వదులైతే ఏమవుతుంది, సరుకు తడుస్తుంది అంతేగా అనుకునేవాళ్లకు కెనడా సంగతి చెప్పాలి. 2018 ఏప్రిల్ 6న సస్కాచెవాన్ ప్రావిన్స్‌లో హంబోల్ట్ బ్రాంకోస్ అనే కుర్రాళ్ల హాకీ జట్టు వెళ్తున్న బస్సు, ఒక ట్రక్కు కూడలిలో ఢీకొన్నాయి. 16 మంది చనిపోయారు, 13 మంది గాయపడ్డారు. ట్రక్కు నడిపింది మన దేశం నుంచి వెళ్లిన 29 ఏళ్ల కుర్రాడు. ఆ ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. కొద్దిరోజులు యజమాని పక్కన ఉండి చూపించాడు, తర్వాత ఒంటరిగా పంపారు. వెనక ట్రైలర్ మీద పట్టా గాలికి కొట్టుకుంటుంటే అతని ధ్యాస అద్దం మీదికి పోయింది. ఎదుట కూడలి ఉందని హెచ్చరించే బోర్డులు వరసగా ఉన్నా, ఆగమని చెప్పే బోర్డు ఉన్నా దాటుకుని పోయాడు. కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు, ఎనిమిదేళ్ల శిక్ష పడింది. ఆ ప్రమాదం తర్వాత 2019లో సస్కాచెవాన్‌లో కొత్త ట్రక్కు డ్రైవర్లకు కనీసం 121.5 గంటల శిక్షణ తప్పనిసరి చేశారు. చనిపోయిన పిల్లల ఇళ్లల్లో ఏ లెక్కా తీరదు. అయినా ఆ వార్త చదివినప్పటి నుంచి నాకు ఒకటే అనిపిస్తుంది: ఆ పట్టాను ఓ కంట కనిపెట్టడానికి పక్కన ఇంకో మనిషి ఉండి ఉంటే!

మన దగ్గర ఆ పక్క మనిషి ఎందుకు పోయాడు? 2017 జులై 1న జీఎస్‌టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. కాగితాలు పట్టుకుని కిటికీ దగ్గరికి ఉరికే పని పోయింది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో టోల్ గేటులో చిల్లర అందించే పనీ పోయింది. దారి ఫోన్ చెప్తోంది. పవర్ స్టీరింగ్‌తో డ్రైవర్ భుజాల నొప్పి తగ్గింది. ఇటు కిరాయి అంతంతమాత్రం, అటు ఫైనాన్స్ కిస్తీ నెల తిరగకుండా వస్తుంది. లోడు మీద పెద్ద బండి లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లే ఇస్తుంది. ఇంక తగ్గించడానికి ఓనర్‌కు కనబడింది ఆ రెండో మనిషి బత్తా. క్లీనర్ చేసే పనుల్లో పైకి కనిపించేవన్నీ యంత్రాలకు పోయాయి కాబట్టి ఆ మనిషి దండగ అనుకున్నారు. వాడు కూర్చుని నేర్చుకునే పని ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు. అందుకే అది పోయిందని ఎవరికీ తెలియలేదు.

పాత రోజుల్ని నేను పొగడటం లేదు. ఆ సీటులో చాలామంది పసిపిల్లలు కూర్చున్నారు. తిండి పెడితే జీతం ఇచ్చినట్టే అనుకునే ఓనర్లు ఉండేవారు. దెబ్బలు కొట్టే ఉస్తాద్‌లు ఉండేవారు. చలిలో క్యాబిన్ పైన పడుకున్న రాత్రులు నాకు గుర్తున్నాయి. అలాంటి క్లీనర్ పని మళ్లీ రావాలని నేను కోరను. నేను అడిగేది 18 ఏళ్లు నిండిన మనిషికి, జీతంతో, బీమాతో, ఇన్ని నెలల తర్వాత స్టీరింగ్ ఇస్తామన్న మాటతో ఆ సీటు.

పక్కన ఇంకో మనిషి ఉంటే ఓనర్‌కూ లాభమే. నాచారంలో లోడైన బండి భివండి వెళ్లాలంటే దాదాపు 700 కిలోమీటర్లు. రోజుకు ఎనిమిది గంటలే పని, ఐదు గంటలు దాటకముందే అరగంట విశ్రాంతి అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం అప్పట్లోనే చెప్పింది. ఈ-వే బిల్లు కూడా రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన గడువు ఇస్తుంది. గడువు ఇవ్వనిది సరుకు పార్టీ ఫోన్. ఒక్కడే డ్రైవర్ ఉన్న బండి తెల్లవారుజామున ఎలా పోతుందో రోడ్డు మీద తిరిగే ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఈ పనంటే ఇళ్లల్లో భయం ఉంది. లారీ డ్రైవర్‌కు పిల్లనివ్వం అనే మాట నాచారంలోనూ వింటాను. హిట్ అండ్ రన్ కేసుల్లో పదేళ్ల దాకా జైలు అన్న కొత్త సెక్షన్ మీద 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు బండ్లు ఆపినప్పుడు హైదరాబాద్ పెట్రోల్ బంకుల ముందు కట్టిన బారులు మీరు చూసే ఉంటారు. ఆ సెక్షన్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టారు, డ్రైవర్ గుండెలో దడ మాత్రం అలాగే ఉంది. మంచి మార్పులూ వస్తున్నాయి. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యస్థ, భారీ ట్రక్కులకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో రాష్ట్ర ప్రభుత్వం, అశోక్ లేలాండ్ కలిసి పెట్టిన టైడ్స్ శిక్షణ సంస్థ ఉంది. నా దగ్గరికి వచ్చే పిల్లలకు ముందు అక్కడికి వెళ్లమనే చెప్తాను. కాస్త అనుభవం వచ్చాక చర్లపల్లి గ్యాస్, పెట్రోలు ప్లాంట్ల ట్యాంకర్ల వైపు చూడమంటాను. ప్రమాదకర సరుకు నడపాలంటే మూడు రోజుల ప్రత్యేక శిక్షణ పూర్తి చేసి లైసెన్స్ మీద రాయించుకోవాలి. ఆ రాత ఉన్న డ్రైవర్‌కు గిరాకీ ఉంటుంది.

ఆ సీటును ఆడపిల్లలకు మనం ఏనాడూ ఇవ్వలేదు. భోపాల్‌కు చెందిన యోగితా రఘువంశీ లా చదివిన మనిషి. భర్త చనిపోయాక ఇద్దరు పిల్లల్ని పోషించడానికి ట్రక్కు నడపడం నేర్చుకుని, దేశమంతా సరుకు చేరవేసింది. ఉప్పల్‌లో ఏ అమ్మాయైనా వచ్చి నేర్చుకుంటానంటే పక్కన కూర్చోబెట్టుకునే ఉస్తాద్‌లు నాకు తెలుసు. రాత్రి బండి ఆగిన చోట ఆమెకు తలుపున్న బాత్రూమ్ ఎక్కడుందో మాత్రం చెప్పలేను.

ఇక్కడ ఓనర్లను అడిగినట్టే ఫ్యాక్టరీలనూ ఒకటి అడగాలి. చాలా గేట్ల దగ్గర లారీకి ఒక్కడికే పాస్ ఇస్తారు. డ్రైవర్ లోపలికి పోతాడు, వెంట వచ్చినవాడు రోడ్డు మీద ఉండిపోతాడు. నాచారం లోపలి రోడ్లలో ట్రైలర్‌ను వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో సెక్యూరిటీ వాళ్లు రోజూ చూస్తూనే ఉంటారు. స్టీరింగ్ ఎడమకు తిప్పితే ట్రైలర్ తోక కుడికి పోతుంది, ఎదురుగా ఆపిన కార్లుంటాయి, వెనక స్కూటర్లు ఆగవు. అప్పుడు దిగి నిలబడి, బాడీ మీద చరుస్తూ "రానీ, రానీ, బస్" అని చెప్పే మనిషి కావాలి. సరుకును ఎలా పేరుస్తున్నారో, బరువు ఎక్కడ పడుతోందో చూసి నేర్చుకునేది కూడా ఆ గేటు లోపలే. సేఫ్టీ షూ, హెల్మెట్ అడగండి, ఆధార్ చూడండి, పేరు రాసుకోండి. పాస్ మాత్రం ఇద్దరికీ ఇవ్వండి.