విలియం బార్న్సు విగ్రహము

ఇంగ్లండు దక్షిణభాగమున డార్సెట్ సీమకు ముఖ్యపట్టణమైన డార్చెస్టరులో సెయింటు పీటరు చర్చి చెంత ఒక కంచువిగ్రహము కలదు. 1889లో నెలకొల్పబడిన యీ విగ్రహము విలియం బార్న్సుది (1801–1886). శిల్పి రాస్కో మల్లిన్సు. బార్న్సు చాలకాలము బడిపంతులు. 1862 మొదలు కేము గ్రామమున మతాచార్యుడు. ఆ సీమ పల్లెవాండ్ర మాటలలోనే కవిత్వము చెప్పెను.

శిల్పము బాగుగనే యున్నది. కాని ఆచార్యవేషముననున్న ఆ శాంతమూర్తిని చూచినవారికి, ఈయన పూలను, పిట్టలను వర్ణించి తృప్తినొందిన సాధువనియే తోచును. ఆయన తొలినాళ్ల సంవాదకావ్యములలో ఒకదానియందు ఇరువురు పల్లెవాండ్రు మాటలాడుకొందురు. ఊరుమ్మడి బీడును కంచెలు వేసి కలుపుకొనిరి; ఆవును, పెద్దబాతులను మేపుకొన తావు లేదు, అమ్ముకొనవలసినదే. ఈ దుఃఖమునే దొరల యింగ్లీషున చెప్పినచో అర్జీ యగును. వారి నోటిమాటలో చెప్పుటచేత కావ్యమైనది. విగ్రహమున ఈ బార్న్సు కానరాడు.

డార్సెట్ పల్లెలలో ఫకారమును వకారముగను, సకారమును నాదము చేర్చియు పలికెడివారు. పట్టణపు నాగరకులు విని నవ్వెడివారు. సంధులు నేర్చిన మన పిల్లలు మాత్రము నవ్వజాలరు: పరుషములు సరళములగుట, గసడదవాదేశము, మనకు వ్యాకరణమే గదా! మన యింట శాస్త్రమైనది అక్కడ మోటుతన మెట్లయ్యెను? పలికినవాడు పేదవాడగుటచేతనే. మనమును తక్కువ వారము కాము. ఆగస్టు 29న గిడుగు రామమూర్తిగారి పటమునకు పూలదండ వేయుదుము. 30న అదే తరగతిలో ‘వచ్చిండు’ అన్న బాలునిచేత ‘వచ్చినాడు’ అనిపింతుము.

బార్న్సు 1844 నాటి సంపుటమునకే భాషాచర్చను, పదకోశమును జతపరచెను. ఈ మాండలికము చెడిన యింగ్లీషు కాదనియు, ఆల్ఫ్రెడు రాజునాటి సాక్సను భాషకు నిజమైన సంతానమనియు ఆయన వాదము. 1868లో సామాన్యమైన యింగ్లీషున గూడ ఒక సంపుటము వెలువరించెను. చదివి చూడుడు: అర్థము సుగమమే, ఊపిరి తక్కువ.

1878 నాటి వ్యాకరణగ్రంథమున మాత్రము నేనాయన వెంట పోజాలను. లాటిను, గ్రీకు పదములను వెడలగొట్టి సాక్సను ధాతువులతో కొత్తమాటలు కల్పించినాడు. మన అచ్చతెనుగు కవుల పట్టుదలయే యిది. ఏ కూలివాని నోటను పుట్టని మాట, ధాతువెంత స్వదేశీయమైనను, పల్లెమాట యెట్లగును?

పీఠముపై చెక్కినవి డార్సెట్ మాటలోని ఆయన పాదములే. చెక్కించినవారు మెచ్చదగినవారు. విగ్రహమును చూడబోవువారు ముందు వానిని పైకి చదివి, పిమ్మట తలయెత్తి ఆ ముఖమును చూచుట మేలు.